కొల్లూరు నీలి వజ్రం – బ్యాటరీలోకి వచ్చిన వజ్రం కథ



పోయిన వారం మన గ్రూపులో ఒక మెసేజి తిరిగింది. వజ్రంతో బ్యాటరీ చేశారట, ఒకసారి పెడితే వేల ఏళ్ళు చార్జింగే అక్కరలేదట. దాని కింద ఇంకొకరు "వజ్రం అంటే గోల్కొండ, గోల్కొండ అంటే మనం, మన సొత్తు తిరిగి వస్తోంది" అని రాశారు. నలుగురైదుగురు సభ్యులు ఇది నిజమా అని మమ్మల్ని అడిగారు. మేము రైల్వేలో క్లర్కు పని చేసి రిటైరైనవాళ్ళమే కానీ సైంటిస్టులం కాము. అయినా అడిగారు కాబట్టి కూర్చుని చదివాము. చదివిన కొద్దీ ఆ మెసేజి కన్నా అసలు చరిత్రే బాగుందనిపించింది. అందుకే ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. ఓపికతో చదవండి.

ముందుగా ఒక మాట. ఆ మెసేజిలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి అణు పదార్థంతో చేసే వజ్రపు బ్యాటరీ. రెండోది కరెంటును నిలవ ఉంచే సాధనాల్లో వజ్రాన్ని ఎలక్ట్రోడుగా వాడటం. మొదటి దాని గురించి చివర్లో చెబుతాము. మన ఊళ్ళకీ మన మనుషులకీ నిజంగా సంబంధం ఉన్నది రెండో దానికి. ఆ కథ కృష్ణ ఒడ్డున మొదలవుతుంది.

మా చదువు తమిళ మీడియంలో. బడిలో వజ్రాన్ని "వైరం" అని నేర్చుకున్నాము. తమిళంలో చెట్టు మాను నడిమధ్య గట్టిపడిన భాగాన్ని కూడా వైరం అంటారు. దాన్నే మన ఇళ్ళలో తెలుగులో చేవ అంటాము. వజ్రం అంటే గట్టితనం అనే భావం రెండు చోట్లా ఉంది. ఆ గట్టి రాయి లోపల ఏముంది అన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకడానికి చాలా కాలం పట్టింది.

1720ల కాలంలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్ళేవి. అందులో పేరు మోసినది కృష్ణకు దక్షిణపు ఒడ్డున ఉన్న కొల్లూరు గని. ఇప్పటి లెక్కకు పల్నాడు జిల్లా. గోల్కొండ సుల్తానుల పాలనలో ఉండేది కాబట్టి "గోల్కొండ వజ్రం" అన్న పేరు వచ్చింది. గోల్కొండ కోట దగ్గర గని లేదు, అక్కడ ఉండినది బజారు, పాలన. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కొల్లూరు వచ్చి చూశాడు. ఆ గనిలో 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మన్ను మోస్తారు. ఇంకొక సంగతి కూడా రాశాడు. ఈ చోటును దేశ భాషలో "గని" అంటారనీ పారసీలో "కులూర్" అంటారనీ. అక్కడి కూలీలు "గని" అని చెబితే ఆయన అదే ఊరి పేరు అనుకుని ఉంటాడు. ఆ కూలీల్లో ఒక్కరి పేరూ మనకు మిగలలేదు. వాళ్ళ నోటి తెలుగు మాట ఒకటి మాత్రం ఫ్రెంచి పుస్తకంలో మిగిలింది.

తావెర్నియే మన దేశం నుంచి తీసుకెళ్ళిన రాళ్ళలో నీలి రంగు వజ్రం ఒకటి ఉంది. సుమారు 115 క్యారెట్లు. అది కొల్లూరుదే అని పరిశోధకుల్లో ఎక్కువమంది అంటారు. దాన్ని ఆయన ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మాడు. 1673లో రాజు దాన్ని మళ్ళీ సానపట్టించాడు. విప్లవ కాలంలో, 1792లో, రాజుగారి నగల ఖజానా దోపిడీ అయినప్పుడు ఆ రాయీ మాయమైంది. తర్వాత కొంత చిన్నదై లండన్‌లో తేలింది. 1839లో హోప్ అనే ఆయన నగల పట్టికలో కనిపించింది కాబట్టి హోప్ డైమండ్ అని పేరు పడింది. చేతులు మారుతూ పోయి 1958లో అమెరికా నగల వర్తకుడు హ్యారీ విన్‌స్టన్ దగ్గర్నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి కానుకగా చేరింది. ఆయన దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపించాడు! ఇప్పటి బరువు 45.52 క్యారెట్లు.

ఈ రాయిని గుర్తు పెట్టుకోండి. దాని నీలి రంగులోనే మన విషయమంతా ఉంది.

ఇక వజ్రం అంటే ఏమిటి అన్న ప్రశ్న. దీనికి జవాబు వజ్రాన్ని తగలబెట్టినవాళ్ళకు దొరికింది. 1772లో పారిస్‌లో లవాజియే, ఆయన తోటివాళ్ళు పెద్ద భూతద్దంతో ఎండను ఒకచోట కూర్చి వజ్రం మీద పడేట్టు చేశారు. వజ్రం కాలి మాయమైంది. వచ్చిన గాలిని సున్నపు తేటలోకి పంపితే తేట పాలలాగా తెల్లబడింది. బొగ్గు కాలిస్తే వచ్చే గాలీ ఇదే పని చేస్తుంది. 1797లో ఇంగ్లాండులో స్మిత్‌సన్ టెన్నంట్ తూకం వేసి చూశాడు. ఒకే బరువు వజ్రమూ బొగ్గూ కాల్చితే ఒకే కొలత బొగ్గుపులుసు గాలి వస్తుంది. అంటే రాజుల కిరీటంలో ఉండేదీ కుంపటిలో ఉండేదీ ఒకే సరుకు. రెండూ కార్బనే.

1814లో హంఫ్రీ డేవీ ఇటలీలోని ఫ్లోరెన్సులో అక్కడి ప్రభువుగారి పెద్ద అద్దం తీసుకుని ఆక్సిజన్‌లో వజ్రాన్ని కాల్చాడు. పక్కన సాయం చేసిన కుర్రవాడు మైకేల్ ఫెరడే. బుక్ బైండింగ్ పని నేర్చుకుని, పెద్ద చదువు లేకుండా పైకి వచ్చినవాడు. ఆ ఫెరడేయే 20 ఏళ్ళ తర్వాత, 1834లో, "ఎలక్ట్రోడ్", "ఎలక్ట్రోలైట్", "అయాన్" అనే మాటల్ని లోకానికి ఇచ్చాడు. వజ్రం కాలడం కళ్ళారా చూసినవాడే ఎలక్ట్రోడుకు పేరు పెట్టాడు. వజ్రమే ఎలక్ట్రోడు అవుతుందని మాత్రం ఆ రోజు ఎవరూ అనుకుని ఉండరు.

ఎందుకంటే వజ్రం గుండా కరెంటు పారదు.

బ్యాటరీలోకి బొగ్గు ముందే వచ్చింది. 1800లో వోల్టా రాగి, జింకు వంటి బిళ్ళలు పేర్చి మొదటి సెల్లు చేశాడు. 1841లో జర్మనీలో బున్సెన్, ఖరీదైన ప్లాటినం బదులు కార్బన్ కడ్డీ పెట్టి చూపించాడు. 1866లో ఫ్రాన్సులో లెక్లాంషే చేసిన సెల్లులో కూడా మధ్యలో ఉన్నది కార్బన్ కడ్డీ. మన చిన్నప్పుడు టార్చిలైట్ సెల్లు అయిపోతే పగలగొట్టి నల్ల కడ్డీ బయటికి తీసి నేల మీద రాసేవాళ్ళం కదా, అదే. రైలు స్టేషన్లలో టెలిగ్రాఫు, టెలిఫోను, బ్లాక్ ఇన్‌స్ట్రుమెంటు ఎన్నో ఏళ్ళు ఇలాంటి సెల్లుల మీదే నడిచాయి. పెట్టెల కింద ఉండే పెద్ద బ్యాటరీలు వేరే జాతి. అవి 1859లో ప్లాంటే కనిపెట్టిన సీసం-ఆమ్లం బ్యాటరీలు. 1991లో సోనీ కంపెనీ లిథియం-అయాన్ బ్యాటరీ అమ్మకానికి తెచ్చినప్పుడు అందులోనూ ఒక వైపు ఎలక్ట్రోడు కార్బనే. ఇవాళ మన చేతిలోని సెల్‌ఫోన్‌లో ఉన్నది పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటు.

అదే కార్బన్ గ్రాఫైటులో కరెంటును పారనిస్తుంది, వజ్రంలో ఆపేస్తుంది. తేడా అమరికలో ఉంది. ప్రతి కార్బన్ అణువుకూ నాలుగు చేతులు ఉన్నాయనుకోండి. గ్రాఫైటులో మూడు చేతులు పక్కవాళ్ళను పట్టుకుంటాయి, నాలుగో చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ చేతుల మీదుగా ఎలక్ట్రాన్లు ఒకచోటి నుంచి ఇంకొక చోటికి పోతాయి. వజ్రంలో నాలుగు చేతులూ నలుగుర్ని గట్టిగా పట్టుకుని ఉంటాయి. అందుకే అంత గట్టితనం. అందుకే కరెంటుకు దారి లేదు. గట్టితనమే దాని గొప్ప, గట్టితనమే దాని లోపం.

ఇప్పుడు మళ్ళీ నీలి వజ్రం దగ్గరికి వద్దాం. 1952లో దక్షిణాఫ్రికాలో కస్టర్స్ అనే శాస్త్రవేత్త కొన్ని వజ్రాలు కరెంటును పారనిస్తున్నాయని గమనించాడు. ఇవి చాలా అరుదు. నీలి వజ్రాలు ఈ జాతివే. హోప్ వజ్రమూ ఈ జాతిదే. కారణం ఏమిటని వెతికారు. ముందు లోపల అల్యూమినియం ఉందేమో అనుకున్నారు. 1970ల నాటికి అది బోరాన్ అని తేలింది.

బోరాన్ మనకు తెలియని వస్తువు కాదు. కంసాలులు బంగారం కరిగించేటప్పుడు వేసే వెలిగారంలో ఉన్నది అదే. తమిళంలో వెంగారం అంటారు. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్‌లో ఉన్నదీ అదే. కార్బన్‌కు నాలుగు చేతులైతే బోరాన్‌కు మూడే. నలుగురు నిలబడే చోట మూడు చేతులవాడు వచ్చి నిలిస్తే ఒక పట్టు ఖాళీ. ఆ ఖాళీలోకి పక్క ఎలక్ట్రాను జరుగుతుంది, దాని చోటు ఖాళీ అవుతుంది, అందులోకి ఇంకొకటి. రైలు కంపార్టుమెంటులో ఒక్క సీటు ఖాళీ అయితే జనం వరసగా జరిగినట్టు. అలా కరెంటు పారుతుంది. ఆ బోరానే ఎర్ర వెలుతురును మింగేసి రాయికి నీలి రంగు తెస్తుంది. హోప్ వజ్రంలో ఉన్న బోరాన్ పది లక్షల కార్బన్ అణువులకు కొన్నే. అంత కొంచెమే చాలింది.

అంటే 17వ శతాబ్దంలో కొల్లూరు కూలీలు మన్నులోంచి ఏరిన ఆ రాయిలో ఇవాళ్టి వజ్రపు ఎలక్ట్రోడు రహస్యం ఉండనే ఉంది. రాజు చూసింది రంగు, వర్తకుడు చూసింది తూకం. లోపల ఏముందో చూడటానికి 300 ఏళ్ళు పట్టింది.

గనిలో దొరికే నీలి వజ్రంతో ఎవరూ బ్యాటరీ చెయ్యలేరు. వజ్రాన్ని మనుషులు తయారు చెయ్యడం రావాలి. అది రెండు దారుల్లో వచ్చింది. మొదటి దారి భూమి లోపలి పనిని యంత్రంలో చెయ్యడం. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ట్రేసీ హాల్, ఆయన తోటివాళ్ళు 1954 డిసెంబరులో గొప్ప ఒత్తిడి, గొప్ప వేడి పెట్టి కార్బన్‌ను వజ్రంగా మార్చారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో లోకానికి చెప్పారు. రెండో దారి ఇంకా విచిత్రం. అందులో ఒత్తిడి అక్కరలేదు. హైడ్రోజన్ గాలిలో నూటికి ఒక పాలు మీథేన్ కలిపి, బాగా వేడిచేసిన తీగతోనో మైక్రోవేవ్‌తోనో ఆ గాలిని చీలుస్తారు. మీథేన్‌లోని కార్బన్ కింద పెట్టిన పలక మీద పొరగా కూర్చుంటుంది. గ్రాఫైటుగా కూర్చున్న దాన్ని హైడ్రోజన్ అణువులు తినేస్తాయి, వజ్రంగా కూర్చున్నది మిగిలిపోతుంది. అమెరికాలో ఎవర్‌సోల్ 1952లోనే ఈ జాడ పట్టాడు. సోవియట్ రష్యాలో డెరియాగిన్, స్పిత్సిన్ వంటివాళ్ళు దాన్ని ముందుకు తెచ్చారు. 1980ల మొదట్లో జపాన్‌వాళ్ళు అందరూ చెయ్యగలిగే పద్ధతిగా మార్చారు. ఆ గాలిలోనే చిటికెడు బోరాన్ వాయువు కలిపితే వచ్చే పొర బోరాన్ కలిసిన వజ్రం. కొల్లూరు రాయిలో పది లక్షలకు కొన్ని ఉంటే, ఈ పొరల్లో వెయ్యికి ఒకటి దాకా, ఇంకా ఎక్కువ కూడా, బోరాన్ పెట్టొచ్చు. అప్పుడు అది దాదాపు లోహంలాగా కరెంటును మోస్తుంది. చూడటానికి నల్లగా ఉంటుంది, నగకు పనికిరాదు.

పొర వేశాక అది వజ్రమా, మసా అని ఎలా తెలుస్తుంది? ఇక్కడ మన దక్షిణాది చెయ్యి ఉంది. తిరుచ్చిలో పుట్టిన సి.వి. రామన్ 1928లో కనిపెట్టిన వెలుతురు పరీక్షతోనే ఇవాళ్టికీ ప్రపంచంలోని ప్రతి వజ్రపు ల్యాబులో తనిఖీ జరుగుతుంది. పొర మీద లేజరు వేస్తే వజ్రమైతే 1332 అనే అంకె దగ్గర సన్నని గీత నిలుస్తుంది. గ్రాఫైటు అయితే 1580 దగ్గర. రామన్ శిష్యుల్లో సూరి భగవంతం గారు ఒకరు. 1930 ప్రాంతంలోనే ఆయన వజ్రం మీద ఈ పరీక్ష చేసి వ్యాసాలు రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా ఉండి, తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు డైరెక్టరు అయ్యారు. గోల్కొండ పేరు చెప్పుకున్నన్ని సార్లు మనం భగవంతం గారి పేరు చెప్పుకోము. చెప్పుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి, కరెంటు నిలవకు వద్దాం. 1987లో మాస్కోలో ప్లెస్కోవ్, ఆయన బృందం వజ్రపు పొరను ఎలక్ట్రోడుగా ముంచి పరీక్షించి వ్యాసం వేశారు. 1990లలో టోక్యోలో ఫుజిషిమా, అమెరికాలో స్వెయిన్ ఈ పనిని పెద్దది చేశారు. ఫుజిషిమాతో కలిసి టోక్యోలో ఎన్నో ఏళ్ళు పనిచేసినవారిలో టి.ఎన్. రావు గారు ఒకరు. 2005లో వచ్చిన "డైమండ్ ఎలక్ట్రోకెమిస్ట్రీ" అనే పెద్ద పుస్తకానికి ఉన్న నలుగురు సంపాదకుల్లో ఆయన పేరు ఉంది. తర్వాత హైదరాబాదులోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థకు వచ్చి బ్యాటరీ, సూపర్ కెపాసిటర్ సరుకుల మీద పని చేశారు.

వజ్రంలో వాళ్ళకు ఏం గొప్ప కనిపించింది? నీళ్ళలో రెండు ఎలక్ట్రోడులు ముంచి వోల్టేజి పెంచుకుంటూ పోతే ఒక హద్దు దాటగానే నీళ్ళు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోయి బుడగలు వస్తాయి. లెక్క ప్రకారం 1.23 వోల్టులు చాలు. ఆ బుడగలు పుట్టాలంటే ముందు ఎలక్ట్రోడు మీద అణువులు అంటుకుని కూర్చోవాలి. వజ్రం మీద కూర్చోవడానికి వాటికి చోటు దొరకదు, నాలుగు చేతులూ బిజీ. అందుకని వజ్రపు ఎలక్ట్రోడు మీద 3 వోల్టుల వెడల్పు దాకా నీళ్ళు విడిపోకుండా ఉంటాయి. ఆమ్లంలో వేసినా, ఏళ్ళ తరబడి వాడినా సులభంగా తినుకుపోదు.

ఇది నిలవకు ఎందుకు ముఖ్యమో చిన్న లెక్కతో చెబుతాము. సూపర్ కెపాసిటర్ అనేది బ్యాటరీ లాగా రసాయనం మార్చి కరెంటును దాచదు. ఎలక్ట్రోడు పైతలం మీద అయాన్లను వరసగా నిలబెట్టి దాస్తుంది. అందుకే క్షణాల్లో నిండుతుంది, క్షణాల్లో ఇస్తుంది, లక్షల సార్లు తట్టుకుంటుంది. అది దాచే శక్తి, కెపాసిటీని వోల్టేజి వర్గంతో గుణించి సగం చేస్తే వస్తుంది. ఇక్కడ వర్గం అన్న మాట గమనించండి. 1 వోల్టు చోట 3 వోల్టులు పెట్టగలిగితే, మిగతావన్నీ ఒకటే అయితే, దాచే శక్తి 9 రెట్లు. వజ్రం మీద ఆశ పుట్టింది ఇక్కడే.

కానీ మిగతావన్నీ ఒకటే కావు. వజ్రపు పొర నున్నటి పలక. ఒక చదరపు సెంటీమీటరుకు దాని కెపాసిటీ కొన్ని మైక్రోఫెరడ్లు మాత్రమే. (ఈ కొలతకు పేరు కూడా ఆ ఫెరడేదే.) కొబ్బరి చిప్పల బొగ్గును ఆవిరితో పొడిపించి చేసే యాక్టివేటెడ్ కార్బన్ అయితే ఒక్క గ్రాములోనే వెయ్యి చదరపు మీటర్ల పైచిలుకు పైతలం ఉంటుంది. వోల్టేజిలో వజ్రం గెలిచింది, విస్తీర్ణంలో కొబ్బరి చిప్ప గెలిచింది. గత 25 ఏళ్ళ పరిశోధన అంతా ఈ రెండింటినీ ఒకచోటికి తేవడానికే.

దానికి మూడు దారులు పట్టారు. మొదటిది వజ్రపు పొరలో సన్నని రంధ్రాలు తొలవడం. టోక్యో బృందం 2000 ప్రాంతంలో తేనెపట్టు లాగా రంధ్రాలున్న వజ్రపు పొర చేసింది. పొర నున్నగా ఉన్నప్పటి కన్నా కెపాసిటీ ఎన్నో రెట్లు పెరిగింది. తర్వాత వేరే దేశాలవాళ్ళు సన్నని తీగల మీద, నురుగు లాంటి అచ్చుల మీద వజ్రాన్ని పెంచారు.

రెండోది పేలుడులో పుట్టిన వజ్రం. 1963లో సోవియట్ రష్యాలో మూసిన గదిలో పేలుడు మందు పేల్చి, మిగిలిన మసిలో వెతికితే 4, 5 నానోమీటర్ల వజ్రపు రేణువులు కనిపించాయి. సైనిక రహస్యం కాబట్టి చాలా ఏళ్ళు బయటికి రాలేదు. ఈ రేణువులను గాలి లేని చోట 1800 డిగ్రీలకు వేడి చేస్తే వజ్రం కరెంటు పారే కార్బన్‌గా మారి ఉల్లిపాయ పొరల్లాగా అవుతుంది. 2010లో ఫ్రాన్సు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి ఈ "ఉల్లిపాయ"లతో చిన్న చిప్పు మీద సూపర్ కెపాసిటర్ చేశారు. అది మామూలు వాటి కన్నా ఎంతో వేగంగా నిండి ఖాళీ అయింది.

మూడోది లిథియం బ్యాటరీలో. లిథియం లోహం మీద చార్జింగ్ చేసేటప్పుడు మీసాల్లాగా సన్నని ముళ్ళు పెరుగుతాయి. అవి అవతలి ఎలక్ట్రోడును తాకితే షార్టు సర్క్యూట్, మంట. 2017లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి, ఎలక్ట్రోలైటులో నానో వజ్రపు రేణువులు కలిపితే లిథియం ముళ్ళుగా కాకుండా సమంగా పరుచుకుంటుందని చూపించారు. ఇక్కడ వజ్రం ఎలక్ట్రోడు కాదు, పక్కనుండి సర్దే పెద్దమనిషి.

ఇంత చెప్పాక అడిగినవారికి సూటిగా జవాబు. ఇవాళ బజారులో కొనే ఇంటి ఇన్వర్టరులోనో స్కూటరులోనో వజ్రపు ఎలక్ట్రోడు లేదు. బోరాన్ వజ్రం నిజంగా వాడుకలోకి వచ్చింది మురికి నీళ్ళు శుభ్రం చేసే యంత్రాల్లో, సన్నటి రసాయన పరీక్షల్లో. కరెంటు నిలవలో అది ఇంకా ల్యాబు దశలోనే ఉంది. ధర ఎక్కువ, దాచే మొత్తం తక్కువ.

ఇక వేల ఏళ్ళ బ్యాటరీ సంగతి. ఇంగ్లాండులో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2016లో ఈ ఆలోచన చెప్పి, 2024లో అక్కడి అణుశక్తి సంస్థతో కలిసి చేసి చూపించారు. కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌ను వజ్రంలో బంధిస్తారు. అది సగం తరగడానికి సుమారు 5,700 ఏళ్ళు. అందులోంచి వచ్చే కిరణాలను వజ్రమే కరెంటుగా మారుస్తుంది. ఇది నిజమే. కానీ వచ్చేది మైక్రోవాట్లలో. గుండెకు పెట్టే పేస్‌మేకరు లాంటి చిన్న సాధనానికి పనికి రావచ్చు, ఫ్యాను తిప్పదు. అది కరెంటును నిలవ చేసే బ్యాటరీ కూడా కాదు. కాబట్టి "డైమండ్ బ్యాటరీ" పేరు చెప్పి ఎవరైనా డబ్బు పెట్టమంటే మన సభ్యులు, ముఖ్యంగా పెన్షను డబ్బు చేతిలో ఉన్నవాళ్ళు, ఒక్క రూపాయి కూడా ఇచ్చే ముందు ఈ రెండు పేరాలు మళ్ళీ చదవండి.

మన పిల్లల కోసం ఇంకొక సంగతి. ఈ విద్య నేర్చుకోవడానికి టోక్యో పోనక్కరలేదు. మన తమిళనాడులోనే కారైక్కుడిలో కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ ఉంది. దానికోసం అళగప్ప చెట్టియారు గారు 300 ఎకరాల భూమి, 15 లక్షల రూపాయలు ఇచ్చారు. 1948లో నెహ్రూగారు పునాదిరాయి వేశారు. 1953లో తెరిచినవారు డాక్టర్ రాధాకృష్ణన్ గారు, తిరుత్తణిలో తెలుగు ఇంట్లో పుట్టినవారు. అక్కడ ఈ విద్యలో బీటెక్ కూడా ఉంది. ల్యాబులో పెంచే వజ్రాల కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో మద్రాసు ఐఐటీకి ఐదేళ్ళకు 242 కోట్లు ఇచ్చింది. ప్లస్ టూలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ రెండు పేర్లు రాసి పెట్టుకోండి.

చివరగా, మన సంఘానికి సంబంధించిన మాట. ప్రతి ఉగాదికీ మన మధ్య ఒక వాదం వస్తుంది. మన పిల్లల తెలుగులో తమిళం కలిసిపోయింది, ఇది శుద్ధమైన తెలుగు కాదు, ఆంధ్రావాళ్ళు వింటే నవ్వుతారు అని. తమిళ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్న మాలాంటివాళ్ళకు ఆ మాట కొంచెం గుచ్చుకుంటుంది. ఆ భయంతోనే కొందరు పిల్లలు సభలో తెలుగు మాట్లాడటమే మానేశారు. వజ్రం చరిత్ర చదివాక మాకు తోచింది ఇది. వజ్రాల వర్తకుడి తూకంలో ఏ రంగూ లేని శుద్ధమైన రాయికి విలువ ఉంది, నిజమే. కానీ దాని గుండా ఏదీ పారదు. వెయ్యికి ఒక్క బోరాన్ కలిసిన దాని గుండానే కరెంటు పారుతుంది. మిగిలిన 999 కార్బనే, వజ్రం వజ్రంగానే ఉంటుంది. భాష కూడా ఒకరి నుంచి ఒకరికి పారాలి, తాత నుంచి మనవరాలికి పారాలి. ఈ దేశంలో మనం కొన్ని వందల ఏళ్ళుగా ఉంటున్నాం. నాలుగు తమిళ మాటలు కలిసినంత మాత్రాన మన తెలుగు చెడిపోయిందని పిల్లల నోరు మూయించవద్దు. వాళ్ళు మాట్లాడటం మానేస్తేనే అది చెడిపోయేది.

వచ్చే ఉగాది సభలో పిల్లలకు ఒక అరగంట కేటాయించమని కమిటీవారిని కోరుతున్నాము. ఎవరికి వచ్చిన తెలుగులో వాళ్ళు, ఏదైనా సైన్సు విషయం చెప్పాలి. తప్పులు దిద్దేవాళ్ళు ఆ అరగంట కాఫీకి వెళ్ళవచ్చు.

సెలవు.